తొమ్మిది ఉండాలి

నా పని చిన్నది.
ఇరవై ఒక్క రోజులకోసారి సీసా మూత తిప్పి
నీలం పళ్ళెంలోకి ఒంపి
మిగిలిన మాత్రలు లెక్కపెడతాను.
ముప్పై ఇస్తాం. ఇరవై ఒకటి మింగాలి.
తొమ్మిది వెనక్కి రావాలి.
కావోష్యుంగ్‌లో, ఓడల కూతలు వినపడే ఆరో అంతస్తులో
ప్రాణాలకి నేను కట్టగలిగిన లెక్క ఇంతే.

ఆమె ఫాంగ్ ష్యూ-లాన్.
మా కాగితాల మీద పేరుండకూడదు, నంబరే:
సున్నా నాలుగు ఒకటి ఏడు.
"నాకు అలవాటే" అంది.
నలభై ఏళ్ళు యెన్‌చెంగ్ సందులో మిషను ముందు కూర్చుని
బడిపిల్లల చొక్కాలకి నంబర్లే కుట్టిందట,
జేబుకి వేలెడు పైన, నీలం దారంతో.
"తప్పిపోతారని కాదు,
తప్పు చేసి పారిపోతారని!"

సిగరెట్టు వాసనే పడని మనిషి.
ఊపిరితిత్తిలో మొదలైంది
తలలోకి పాకేదాకా చప్పుడు చెయ్యలేదు.
ఒకనాడు ఏడు కుట్టబోయి ఒకటి కుట్టింది.
మర్నాడు సూదిలోకి దారం ఎక్కలేదు.
వారం తిరక్కుండా ఎడమచెయ్యి
ఎవరిదో అన్నట్టు ఒళ్ళో పడుకుంది.

డాక్టర్ హ్వాంగ్ బొమ్మ గీసి చెప్పాడు:
జన్యువులో ఒక్క అక్షరం మారింది,
ఆ అక్షరాన్నే వెతికి పట్టుకునే మందు ఇది.
కానీ రక్తానికీ మెదడుకీ నడుమ చిక్కని నేత ఒకటుంది,
పాత మందులు చాలావరకు అక్కడే ఆగిపోయేవి.
"అయితే మీది సన్నసూది" అంది.
"సన్నదో కాదో తెలుసుకోడానికే ఈ ట్రయల్."
అబద్ధమాడడం రాని డాక్టర్లు
తక్కువ మాట్లాడతారు.

స్కాన్‌లో ఏడు మచ్చలు.
పది మిల్లీమీటర్లు దాటినవి రెండు, కొలిచేది వాటినే.
తక్కిన అయిదూ ఉన్నాయని రాసుకుంటాం, అంతే.
అది ఆమెకు నచ్చలేదు.
"చిన్న చిరుగునే కదమ్మా ముందు పట్టుకోవాలి."

తొమ్మిదో వారం
పద్నాలుగు ఎనిమిదైంది. పదకొండు కనపడలేదు.
ఫారంలో 'పాక్షిక స్పందన' అని రాశాను.
బయట హాల్లో ఆమె ఎడమచేత్తో టీ కప్పు ఎత్తి
ఎవరికనీ కాకుండా చూపించింది.

పక్క కుర్చీలో కువో పో-జెన్ ఉన్నాడు, చూశాడు.
రేవులో క్రేను నడిపిన మనిషి.
అదే జబ్బు, అదే చోటు,
అక్షరం మాత్రం వేరు.
ట్రయల్‌కి పనికిరావన్న కాగితం నేనే ఇచ్చాను.
రెండు చేతులతో అందుకుని
తల వంచాడు.

ఆ విడత ఆమె సీసాలో ఆరే ఉన్నాయి.
మళ్ళీ ఒంపాను. ఆరే.
"మూడు సింకులో జారిపోయాయి" అంది,
గుండుసూది కూడా పోగొట్టుకోని మనిషి,
నా కళ్ళలోకే చూస్తూ.
రాసుకున్నాను: మూడు. సింకు.
చేతిరాత వంకరపోయింది.

పద్నాలుగో నెలలో చిన్నమెదడులో కొత్త చుక్క.
నిబంధన ప్రకారం మందు ఆపాం.
ఆఖరి సీసా అప్పజెప్పి నా కోటు అడిగింది.
కాలరు లోపలివైపు, ఎవరికీ కనపడనిచోట
గంటన్నర కూర్చుని కుట్టింది,
సున్నా నాలుగు ఒకటి ఏడు.
ఏడు, ఏడులాగే ఉంది.

వానల్లో కువో భార్య వచ్చింది,
తడిసిన గొడుగుతో, చిన్న రేకు డబ్బాతో.
లోపల చొక్కా కొలతల కాగితంలో చుట్టి
మూడు మాత్రలు.
"ఆయన మింగలేదు.
నాకు పనిచెయ్యవని తెలుసే,
ఇచ్చిన చేతిని ఎలా కాదంటాను, అన్నాడు."

అప్పటికి ఆ ఫైలు మూసేశారు.
నీలం పళ్ళెం తీసి ఒంపాను.
ఆనాటి ఆరు, ఈ మూడు.
రాయడానికి ఎక్కడా గడి లేదు.

తర్వాతి మనిషి సీసా
మూత బిగుసుకుపోయింది.
తిప్పుతున్నాను.